అమెరికా బొమ్మల పుస్తకం కొనేముందు వెనక పేజీలు తిప్పండి

మా కోనసీమలో వీధికొకరైనా అమెరికాలో ఉంటారు. వచ్చేటప్పుడు ఏం తెమ్మంటారని ఫోనులో అడిగితే అందరూ బాదంపప్పు, చాక్లెట్లు, నొప్పుల బిళ్ళలు చెబుతారు. నేను పుస్తకాలు చెబుతాను. అమలాపురంలో ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి కాబట్టి బొమ్మలున్నవే చెబుతాను. అక్కడి చిత్రకళ మీద, అక్కడి జనం ఏం చూశారు, దేనికి నవ్వారు, దేనికి కొట్టుకున్నారు అనే చరిత్ర మీద పుస్తకాలు ఎలా ఎంచుకోవాలో రాసిపెట్టమని మా మేనల్లుడు పోరుతున్నాడు. ఇదిగోరా అబ్బాయ్.

అట్ట చూసి కొనకండి. అట్ట మీద చాలాసార్లు ఆ పంగలకర్ర పట్టుకున్న రైతే ఉంటాడు. 1930లో గ్రాంట్ వుడ్ వేసిన బొమ్మ అది. ఆ రైతుగా నిలబడింది ఆయన పళ్ళ డాక్టరు, పక్కనున్నావిడ సొంత చెల్లెలు. ఆ బొమ్మ ఎవరైనా వేసుకుంటారు. మీరు తిన్నగా వెనక ఇండెక్సుకి వెళ్ళండి.

అక్కడ మొదట జేకబ్ లారెన్స్ పేరు వెతకండి. దక్షిణాది పొలాలు వదిలి ఉత్తరాది పట్నాలకు వలసపోయిన నల్లజాతి వాళ్ళ కథని 1940-41లో 60 చిన్న పలకల మీద వేశాడు. అప్పటికి పాతికేళ్ళు నిండని కుర్రాడు. ఆ 60లో సగం న్యూయార్కులో ఒక మ్యూజియం దగ్గర, సగం వాషింగ్టన్‌లో ఇంకో మ్యూజియం దగ్గర ఉన్నాయి, అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు. ఇరవయ్యో శతాబ్దం గురించి చెబుతానని ఆయన పేరే ఎత్తని పుస్తకమైతే పక్కన పెట్టేయండి.

తరవాత ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ పేరు చూడండి. ఆ పేరు తెలియకపోయినా ఆవిడ మొహం మీకు తెలిసే ఉంటుంది: చెయ్యి గడ్డానికి ఆనించుకుని, చెరో భుజం మీదా ఇద్దరు పిల్లలు మొహాలు తిప్పుకుని ఉండే ఫొటో. 1936 మార్చిలో కాలిఫోర్నియాలో బఠాణీ కోత కూలీల మకాం దగ్గర డొరొతియా లాంగ్ ప్రభుత్వ పని మీద తీసింది. పేరు రాసుకోలేదు. ఆవిడ ఎవరో, చెరోకీ జాతి మనిషని, లోకానికి తెలిసింది 1978లో. అందుకే పుస్తకం అచ్చయిన సంవత్సరం కూడా చూడమనేది. అంతకు ముందువి ఆవిడని ‘వలస తల్లి’ అని వదిలేస్తాయి, అది వాటి తప్పు కాదు. మొన్న మొన్న వచ్చినవి కూడా అలాగే వదిలేస్తే మాత్రం రచయిత కష్టపడలేదని అర్థం.

ఈ ఫొటో దగ్గర కాస్త ఆగండి. కుడివైపు కింది మూలన, గుడారం గుంజ పట్టుకున్న చేతి బొటనవేలు ముందు ఉండేది. అది చూపుకి అడ్డమని లాంగ్ తరవాత నెగటివ్ మీదే రీటచింగ్ చేయించింది. పెళ్ళికూతురు బుగ్గ మీద మచ్చ తీసేయడానికి నెగటివ్ మీద పెన్సిలు నూరిన మాకు ఆ పని తెలుసు. ఎంత బాగా చేసినా ఆనవాలు ఉంటుంది. ఇక్కడా నీడలా మిగిలింది. అమెరికా పార్లమెంటు గ్రంథాలయం వాళ్ళ సైట్లో వేలు ఉన్న పాత ప్రింటూ ఉంది, వేలు తీసేసినదీ ఉంది. పైసా కట్టక్కర్లేదు. రెండూ దించుకుని మీ పుస్తకంలో దానితో పోల్చండి. వేలి సంగతి చెప్పి, అలా తీసేయడం సబబేనా అని నాలుగు వాక్యాలు వాదించిన పుస్తకమైతే కళ్ళు మూసుకుని కొనొచ్చు.

బొమ్మ కింద చిన్న అక్షరాల్లో కొలతలుంటాయి, అవి దాటేయొద్దు. జార్జి వాషింగ్టన్ డెలావేర్ నది దాటే బొమ్మ దాదాపు 12 అడుగుల ఎత్తు, 21 అడుగుల వెడల్పు. (1851 నాటిది. అమెరికా దేశభక్తికి గుర్తు అంటారుగాని, వేసింది జర్మనీలో కూర్చుని.) లారెన్స్ పలక 12 అంగుళాలు, 18 అంగుళాలు, మా స్టూడియోలో పెళ్ళి ఎన్‌లార్జిమెంటు సైజు. పుస్తకంలో రెండూ అరపేజీయే. నేనైతే గోడ మీద సుద్దముక్కతో గీసి చూస్తాను. మా ఇంట్లో అంత గోడ లేదు, పెరటి ప్రహరీ కావలసివచ్చింది.

మొదట ఏది చదవాలంటే, రాబర్ట్ హ్యూస్ 1997లో రాసిన ‘అమెరికన్ విజన్స్’. ఆస్ట్రేలియా మనిషి, మొహమాటం లేదు, నచ్చనిదాన్ని ఉతికి ఆరేస్తాడు. అన్నీ ఒప్పుకోనక్కర్లేదు. ఆ తరవాత లారెన్స్ లెవిన్ 1988లో రాసిన ‘హైబ్రౌ/లోబ్రౌ’. బొమ్మలు తక్కువే గాని మనవాళ్ళకి భలే పడుతుంది. పద్యనాటకంలో రాగం తీస్తే వన్స్‌మోర్ కొట్టే జనం ఉన్న ఊళ్ళు కదా మనవి. అక్కడా ఒకప్పుడు షేక్‌స్పియర్ నాటకాలకి మామూలు జనమే విరగబడి వెళ్ళేవారు, నచ్చకపోతే గుడ్లు విసిరేవారు. 1849లో న్యూయార్కులో మాక్బెత్ వేషం కట్టే ఇద్దరు నటుల అభిమానుల గొడవ ముదిరి, సైనికులు కాల్పులు జరిపితే ఇరవై మందికి పైగా పోయారు. ఆ నాటకాలు పెద్దల సొత్తుగా ఎలా మారిపోయాయో ఆయన చెబుతాడు.

డబ్బు పెట్టకుండా కావాలంటే న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం, లాస్‌ఏంజెలెస్ గెట్టీ పాత కేటలాగులు వందల్లో ఉచితంగా పెట్టాయి. ఫోనులో చూడకండి, టీవీకి కలపండి. మనిషి చేత తెప్పించుకుంటే ఒకటి, మహా అయితే రెండు. నున్నటి కాగితం ఇటుకంత బరువు, సూట్‌కేసుకి 23 కిలోలే.

ఆ నున్నటి కాగితంతోనే మన దగ్గర చిక్కు. చెమ్మ తగిలితే పేజీలు అతుక్కుపోతాయి, విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. బయటి గోడకి ఆనించి పెట్టకండి. పెద్దవాటిని నిలబెట్టకుండా పడుకోబెట్టండి. లెన్సులకి బూజు పట్టకుండా వేసే సిలికా పొట్లాలే అలమారులో వేసి, నీలం గులాబీరంగు కాగానే వేడి చేసి మళ్ళీ వాడండి. గోదావరి పొంగి పుస్తకం తడిస్తే మూసి ఆరబెట్టొద్దు. తడిగా ఉండగానే పేజీకి పేజీకి మధ్య బటర్ పేపరు పెట్టుకుంటూ వెళ్ళండి. అంత ఓపిక వెంటనే లేకపోతే పాలిథిన్ కవరులో చుట్టి ఫ్రీజరులో పెట్టేసి, తీరికయ్యాక చూసుకోవచ్చు. వరదలూ పులస చేపా ఒకే నెలలో వస్తాయి గనక ఫ్రీజరులో చోటు సంగతి మాత్రం ఇంట్లో ఆడవాళ్ళతో ముందే మాట్లాడుకోండి.