హోటల్ బిల్లులో సర్వీస్ చార్జ్ తీయించడం ఎలా?

హైదరాబాద్‌లోనో, విశాఖలోనో కాస్త పెద్ద రెస్టారెంట్‌కి ఇంటిల్లిపాదీ వెళ్లి తిని బిల్లు అడగండి. తిన్నవాటి కింద, జీఎస్టీకి పైన, "సర్వీస్ చార్జ్ 10%" అని ఒక లైను కనిపించవచ్చు. కొన్నిచోట్ల 5 శాతం ఉంటుంది. చాలామంది దాన్ని కూడా గవర్నమెంటు పన్ను అనుకుని కట్టేస్తారు. అది పన్ను కాదు. ఓనరు తనంతట తాను వేసుకున్న మొత్తం. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. వద్దంటే తీసేయాలి.

ఈ సంగతి తెలిసినవాళ్లు కూడా అడిగే పద్ధతి తెలియక పని చెడగొట్టుకుంటున్నారు. సర్వర్ మీద అరుస్తారు, పక్క టేబుళ్ల వాళ్లు తిరిగి చూస్తారు, ఇంట్లోవాళ్లు "పోనీలెండి, పిల్లల ముందు ఏంటిది" అంటారు, చివరికి మొత్తం కట్టి ముఖం మాడ్చుకుని బయటికొస్తారు. ఇది చూసి చూసి విసుగొచ్చింది. నిజానికి అయిదు నిమిషాల పని.

కావలసినవి ఫోను, జేబులో కొన్ని పది, ఇరవై, యాభై నోట్లు. నోట్లు ఎందుకో చివర్లో చెబుతాను.

1. మెనూ అడుగు భాగం చూడండి

కూర్చోగానే మెనూ చివరి పేజీకి వెళ్లండి. "పన్నులు, సర్వీస్ చార్జ్ అదనం" అని చిన్న అక్షరాలతో రాసి ఉంటే ఫొటో తీసుకోండి. క్యూఆర్ కోడ్ మెనూ అయితే స్క్రీన్‌షాట్. అప్పుడే గొడవ మొదలుపెట్టకండి. ఆర్డర్ ఇచ్చి హాయిగా తినండి.

2. మామూలు నీళ్లు అడగండి

సర్వర్ బాటిల్ మూత మీద చెయ్యి వెయ్యకముందే "మామూలు నీళ్లు చాలు" అనండి. సీలు తీశాక వద్దంటే కుదరదు. ఇరవై రూపాయల బాటిల్‌కి యాభై వేశారని బిల్లు దగ్గర ఎంఆర్‌పీ గురించి వాదించేవాళ్లు ఉంటారు. ఆ వాదన నిలవదు. హోటళ్లలో కూర్చోబెట్టి వడ్డించే బాటిల్‌కి ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఓడిపోయే వాదన ముందు పెట్టుకుంటే గెలిచే వాదన కూడా పలచబడుతుంది. అందుకే నీళ్ల సంగతి మొదట్లోనే తేల్చుకోవాలి.

3. బిల్లు చదవండి

నల్ల ఫోల్డర్‌లో సోంపుతో పాటు బిల్లు వస్తుంది. ముందు సోంపు పక్కన పెట్టి బిల్లు తీయండి. అందరూ అడుగున ఉన్న మొత్తం ఒక్కటే చూసి ఫోను తీస్తారు. మీరు పైనుంచి కిందికి చదవండి. తినని ఐటమ్ ఉందా, రోటీలు ఎన్ని వేశారు, ఇవి అర నిమిషంలో తేలిపోతాయి. తర్వాత పన్నులు.

విడిగా ఉండే రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. బిల్లులో దాన్ని సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5 అని రెండుగా చూపిస్తారు. ఖరీదైన స్టార్ హోటళ్ల లోపల ఉండే రెస్టారెంట్లలో 18 శాతం ఉండవచ్చు. మద్యం జీఎస్టీ కిందికి రాదు, దానిమీద పడేది రాష్ట్రం వేసే వ్యాట్. ఇవన్నీ పన్నులు, వీటి గురించి మేనేజర్‌తో మాట్లాడి లాభం లేదు. చిన్న హోటళ్లలో మాత్రం ఒకటి గమనించండి. కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులకి ఉన్న సులువైన జీఎస్టీ పద్ధతి) ఉన్న హోటల్ కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు, తన జేబులోంచే కట్టుకోవాలి. ఆ సంగతి బిల్లు మీద రాయాలి కూడా. అది రాసి ఉండి, కింద జీఎస్టీ కూడా వేసి ఉంటే అడగండి.

ఇక సర్వీస్ చార్జ్. ఎప్పుడూ ఇదే పేరుతో ఉండదు. "ఎస్‌సీ" అని రెండక్షరాలు ఉంటాయి, "స్టాఫ్ వెల్ఫేర్" అనో "స్టాఫ్ కంట్రిబ్యూషన్" అనో ఉంటుంది. పేరు ఏదైనా, మిమ్మల్ని అడగకుండా వేస్తే తప్పే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది స్పష్టంగా ఉంది. బిల్లులో దానంతటదే పడేలా పెట్టకూడదు, వేరే పేరుతో వసూలు చేయకూడదు, కట్టమని బలవంతం చేయకూడదు, కట్టనంటే లోపలికి రానివ్వకుండా ఆపకూడదు, ఆహారం ధరలో కలిపి ఆ మొత్తం మీద జీఎస్టీ వేయకూడదు.

ఈ ఆఖరి అంశం దగ్గరే ఎక్కువమంది నష్టపోతున్నారు. ఉదాహరణకి మీరు తిన్నది 2,400 రూపాయలు. 10 శాతం సర్వీస్ చార్జ్ 240. కలిపితే 2,640. దీనిమీద 5 శాతం జీఎస్టీ 132. మొత్తం 2,772. సర్వీస్ చార్జ్ లేకపోతే 2,400 మీద జీఎస్టీ 120, మొత్తం 2,520. తేడా 240 కాదు, 252. ఈ అంకెలు మనసులో పెట్టుకుని తర్వాతి మెట్టుకి రండి.

4. అడగడం

అసలు పని ఇదే. ఇక్కడ తొందరపడితే అన్నీ పాడవుతాయి, కాబట్టి నిదానంగా చదవండి.

డబ్బు కట్టకముందే అడగాలి. ఇందులో రెండో మాట లేదు. కట్టేశాక అడిగితే "బిల్లు క్లోజ్ అయిపోయింది సార్" అంటారు. డిస్కౌంట్ కోసం యాప్‌లో బిల్లు కట్టేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. యాప్‌లో మొత్తం కొట్టి పే నొక్కాక హోటల్ వాళ్లు యాప్‌ని చూపిస్తారు, యాప్ వాళ్లు హోటల్‌ని చూపిస్తారు. ముందు బిల్లు సరిచేయించుకోండి, ఆ తర్వాతే యాప్ తెరవండి.

టేబుల్ దగ్గర కూర్చునే అడగాలి. లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లకండి. కౌంటర్ దగ్గర వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు, క్యాషియర్‌కి తొందర, మీకు మొహమాటం. పైగా మీరు లేచారంటే వెళ్లిపోతున్నారని అర్థం. కూర్చున్న టేబుల్ ఖాళీ అయితేనే వాళ్లకి ఇంకో పార్టీ వస్తుంది, శనివారం రాత్రి ఆ విషయం మేనేజర్‌కి మీకంటే బాగా తెలుసు.

సర్వర్‌తో వాదించకండి. ఆ లైను పెట్టింది అతను కాదు, తీసే అధికారం అతనికి లేదు. బిల్లింగ్ మెషీన్‌లో సర్వీస్ చార్జ్ తీయాలంటే మేనేజర్ పాస్‌వర్డ్ కావాల్సి రావచ్చు. సర్వర్‌తో ఒక్క మాట చాలు: "బాబూ, కొంచెం మేనేజర్‌ని పిలుస్తావా?" మేనేజర్ వచ్చాక మీ కుటుంబంలో ఒక్కరే మాట్లాడాలి. నలుగురూ తలా ఒక మాట అంటే అతను అందులో మెత్తటి మనిషిని వెతుక్కుని వాళ్లవైపే తిరుగుతాడు.

మాట ఇలా ఉండాలి: "భోజనం బాగుంది. సర్వీస్ చార్జ్ నేను ఇవ్వదలచుకోలేదు. అది తీసేసి కొత్త బిల్లు ఇవ్వండి." అంతే. "తీస్తారా?" అని ప్రశ్నలా అడగకండి, అడిగితే "కుదరదు" అని జవాబు వస్తుంది. సర్వీసు బాగోలేదని కారణం కూడా చెప్పకండి. చెప్పారంటే మాట సర్వీసు బాగుందా లేదా అన్నదాని మీదికి మళ్లుతుంది, ఆ సర్వర్‌ని పిలిచి మీ ముందే తిడతారు. కారణం చెప్పాల్సిన అవసరం మీకు లేదు.

ఈ ఒక్క మాటకే తీసేసేవాళ్లు చాలామందే ఉన్నారు. తీయకపోతే వచ్చే జవాబులు ఎక్కడైనా ఒకటే.

"ఇది స్టాఫ్‌కే వెళ్తుంది సార్." దీనికి జవాబు: "స్టాఫ్‌కి నేను విడిగా ఇస్తాను." అని, ఇవ్వండి కూడా.

"సిస్టమ్‌లో ఆటోమేటిక్‌గా వస్తుంది మేడమ్." ఆటోమేటిక్‌గా రాకూడదన్నదే నిబంధన. "సిస్టమ్‌లో తీసేయండి, నేను వెయిట్ చేస్తాను" అని నీళ్లు తాగుతూ కూర్చోండి.

"మెనూలో రాశాం కదా." రాసినంత మాత్రాన తప్పనిసరి కాదు. మీరు ఇష్టపడి ఇచ్చేదే తప్ప, మెనూ చదివారు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడం కుదరదు.

"కోర్టు స్టే ఉంది." ఇది పాత మాట. సీసీపీఏ మార్గదర్శకాల మీద హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకి వెళితే 2022 జులైలో స్టే వచ్చిన మాట నిజమే. కానీ 2025 మార్చి 28న అదే హైకోర్టు వాళ్ల పిటిషన్లు కొట్టేసి, సర్వీస్ చార్జ్ తప్పనిసరిగా వసూలు చేయకూడదని తేల్చింది. పిటిషన్ వేసిన రెండు సంఘాలకీ చెరో లక్ష రూపాయల ఖర్చులు కూడా విధించింది. సంఘాలు అప్పీలుకి వెళ్లాయి, అది వేరే సంగతి. ఈ తేదీ ఫోనులో రాసిపెట్టుకోండి. మేనేజర్ స్టే అన్నప్పుడు గొంతు పెంచకుండా తేదీ చెప్పండి, సరిపోతుంది. మీరే ముందుగా కోర్టు, కేసు అని మొదలుపెట్టకండి. అవతలి మనిషి తగ్గడానికి చోటు వదలాలి.

"సరే సార్, సగం తీస్తాం." ఒప్పుకోకండి. సగానికి ఒప్పుకుంటే మిగతా సగం ఇవ్వాల్సిందేనని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఇక కొత్త బిల్లు. చాలామంది ఇక్కడ గెలిచామనుకుని వదిలేస్తారు. మేనేజర్ పాత బిల్లు మీద పెన్నుతో 240 కొట్టేసి, 2,532 అని రాసి ఇస్తాడు. తీసుకోకండి. జీఎస్టీ ఇంకా 132 గానే ఉంది. సర్వీస్ చార్జ్ పోతే దానిమీద పడ్డ 12 రూపాయల జీఎస్టీ కూడా పోవాలి. "పన్నెండు రూపాయలకి ఏంటండీ" అని ఇంట్లోవాళ్లు అంటారు. పన్నెండు రూపాయల గురించి కాదు, పెన్నుతో కొట్టేసిన బిల్లు మెషీన్‌లో మారలేదు. అచ్చులో వచ్చిన కొత్త బిల్లు చూసి, 2,400 కింద జీఎస్టీ 120, మొత్తం 2,520 అని ఉంటేనే డబ్బు కట్టండి.

వీడియో తీయడం నేను ఒప్పుకోను. కెమెరా పైకి లేస్తే మేనేజర్ బిగుసుకుపోతాడు, సర్వర్ల ముఖాలు ఊరంతా తిరుగుతాయి. ఇంటికెళ్లి ఒక్క స్టార్ రేటింగ్ ఇవ్వడం కూడా దండగే. మీ 252 మీకు తిరిగి రాదు, వంట చేసినవాడికి చెడ్డపేరు వస్తుంది.

5. ఎంతకీ తీయకపోతే

కట్టకుండా వెళ్లిపోకండి, అప్పుడు తప్పు మీది అవుతుంది. బిల్లు వెనక "సర్వీస్ చార్జ్ నా ఇష్టం లేకుండా కట్టాను" అని రాసి, తేదీ, టైము వేసి, రెండు వైపులా ఫొటో తీయండి. యూపీఐలో కట్టి ఆ స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. 88000 01915 కి వాట్సాప్ కూడా పంపొచ్చు. బిల్లు, మెనూ ఫొటోలు అడుగుతారు, అందుకే మొదట తీసుకోమన్నది. డాకెట్ నంబర్, అంటే మీ ఫిర్యాదు నంబర్, ఇస్తారు, దాచుకోండి. జిల్లా కలెక్టర్‌కి ఫిర్యాదు చేసే దారి కూడా మార్గదర్శకాల్లో ఉంది. ఇంకా ముందుకెళ్లాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఇంత చిన్న మొత్తం కేసుకి ఫీజు ఉండదు.

6. టిప్ విడిగా ఇవ్వండి

సర్వీస్ చార్జ్ తీయించి, సర్వర్‌కి కూడా ఏమీ ఇవ్వకుండా లేచి వచ్చేవాళ్లంటే నాకు కోపం. మేనేజర్‌తో "నేను విడిగా ఇస్తాను" అన్నాక ఇవ్వాల్సిందే. అమెరికాలో ఉండి వచ్చిన మనవాళ్లు ఇక్కడా 18, 20 శాతం లెక్క వేస్తుంటారు, అది అవసరం లేదు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పు వచ్చే ఉద్యోగికి యజమాని గంటకి 2.13 డాలర్లు ఇచ్చినా చాలు, మిగతా జీతం టిప్పుల్లోంచి వస్తుందని లెక్క. 1991 నుంచీ ఆ అంకె మారలేదు. మన దగ్గర కనీస వేతనం పూర్తిగా ఓనరే ఇవ్వాలి, టిప్పు చూపించి తగ్గించడానికి లేదు. కాబట్టి ఇక్కడ టిప్పు జీతం కాదు, మీ సంతోషం. నలుగురు తిన్న బిల్లుకి యాభై నుంచి వంద మర్యాదగా ఉంటుంది. ముసలి అమ్మానాన్నలని ఓపిగ్గా చూసుకున్నాడనుకోండి, ఇంకొంచెం ఇవ్వండి.

ఫోల్డర్‌లో పెట్టి వదిలేయకండి, అది ఎవరి చేతికి వెళ్తుందో మీకు తెలియదు. మీ టేబుల్ చూసిన మనిషిని పిలిచి, చేతిలో పెట్టి, "నీకే బాబూ" అని చెప్పండి. గిన్నెలు తీసిన కుర్రాడు వేరే ఉంటే అతనికి ఇరవై విడిగా ఇవ్వండి. నోట్లు తెచ్చుకోమన్నది ఇందుకే. చేతిలో చిల్లర లేకపోతే కౌంటర్ మీదున్న క్యూఆర్‌కి కలిపి కొట్టకండి, అది ఓనరు ఖాతా. అతని సొంత ఫోన్‌లో క్యూఆర్ చూపించమని అడిగి, దానికే పంపండి.