విడాకుల తర్వాత మళ్లీ పుట్టింటివారి ఇంటిపేరు పెట్టుకోవడం ఎలా?

ముందుగా ఒక మాట. పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు, విడాకులయ్యాక వదిలేయాలనీ చెప్పలేదు. ఉంచుకున్నా మార్చుకున్నా అది మీ ఇష్టం, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. మార్చుకోవాలనుకుంటే మాత్రం ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది చాలా ముఖ్యం. మా చెల్లికి ఆ వరస తప్పడం వల్లే ఎనిమిది నెలలు పట్టింది, అందుకే ఇది రాస్తున్నాను.

మొదట మీ పదో తరగతి మెమో బయటికి తీయండి. మనలో చాలామందికి అందులో పుట్టింటి పేరే ఉంటుంది, అంటే మీరు కొత్త పేరేమీ పెట్టుకోవడం లేదు, ఉన్న పేరుకే తిరిగి వెళ్తున్నారు, ఈ మాట కౌంటర్ దగ్గర బాగా పనికొస్తుంది. పేరు ఏ స్పెల్లింగుతో, ఏ వరసలో ఉందో కాగితం మీద అక్షరం అక్షరం రాసుకుని ఇకమీద ప్రతి దరఖాస్తులో అదే నింపండి. మా చెల్లికి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంది, పాస్‌బుక్కులో ఒట్టి ఇనిషియల్, పాన్ కార్డులో అత్తింటి పేరు చివర. చూసేవాళ్లకి ముగ్గురు మనుషుల్లా కనిపించింది.

కేసు ఇంకా నడుస్తుంటే లాయరుగారికి చెప్పి పిటిషన్‌లో మీ రెండు పేర్లూ 'అలియాస్' అని రాయించండి, తర్వాత సగం టెన్షన్ తగ్గుతుంది. డిక్రీ (కోర్టు ఇచ్చే విడాకుల ఉత్తర్వు) వచ్చేసి ఉంటే కోర్టులో దరఖాస్తు పెట్టి సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి, ఒట్టి జిరాక్సు పట్టుకెళ్తే తిప్పి పంపిస్తారు. దాంతోపాటు స్టాంపు పేపరు మీద ఒక అఫిడవిట్ నోటరీ చేయించండి: పాత పేరు, ఇప్పటి పేరు, ఇద్దరూ ఒకే వ్యక్తి అని, డిక్రీ నంబరు, తేదీ. ఎందుకు విడిపోయారో అందులో రాయక్కర్లేదు, ఎవరైనా అడిగినా చెప్పకండి.

గెజిట్‌లో, అంటే ప్రభుత్వ అధికారిక ప్రకటనల పత్రికలో, పేరు మార్పు వేయించడం అందరికీ అవసరం పడదు. ప్రభుత్వ ఉద్యోగులకి, పుట్టింటిదీ అత్తింటిదీ కాని కొత్త పేరు పెట్టుకునేవాళ్లకి, డిక్రీలో పుట్టింటి పేరు కనబడనివాళ్లకి కావాల్సి వస్తుంది. అప్పుడు ఒక తెలుగు, ఒక ఇంగ్లీషు పేపర్లో ప్రకటన ఇచ్చి, ఆ పేపర్లు, అఫిడవిట్ జతచేసి దరఖాస్తు పెట్టాలి.

ఇక ఆధార్. కార్డుల్లో అన్నిటికంటే ముందు మార్చాల్సింది ఇదే, అన్నిటికంటే జాగ్రత్త కూడా ఇక్కడే, ఎందుకంటే ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే ఇస్తారు, పెళ్లయ్యాక ఒకసారి మార్చుకుని ఉంటే మీకు మిగిలింది ఒక్కటే. ఆపరేటర్ టైపు చేశాక స్క్రీన్ మీద ఇంగ్లీషు పేరే కాదు, తెలుగు పేరు కూడా చదవండి. మా చెల్లి ఇంటిపేరులో 'ళ్ల' కాస్తా 'ల్ల' అయి కూర్చుంది, రసీదు చేతికొచ్చాక గానీ చూసుకోలేదు.

ఆధార్ అయ్యాక పాన్. నంబరు మారదు, పేరొక్కటే మారుతుంది. తర్వాత బ్యాంకు, ఓటరు కార్డుకి ఫారం 8, ఉద్యోగం ఉంటే పీఎఫ్ ఖాతాలో పేరు మార్పు. పాస్‌పోర్టుకైతే 'రీ-ఇష్యూ' కింద దరఖాస్తు చేయాలి, భర్త పేరు తీసేయమని కూడా అందులోనే అడగండి.

పాత పేరుతో రిజిస్టరైన ఇల్లు, స్థలం కాగితాలు అలాగే ఉండనివ్వండి. అమ్మేటప్పుడు అఫిడవిట్, డిక్రీ కాపీ చూపిస్తే సరిపోతుంది, కాబట్టి ఆ రెండూ ఆస్తి కాగితాల ఫైల్లోనే పెట్టేయండి. మీ పేరు మారినంత మాత్రాన పిల్లల ఇంటిపేరు మారదు. అది మార్చాలంటే వేరే వ్యవహారం, తండ్రి బతికే ఉంటాడు కాబట్టి లాయరుని అడగకుండా స్కూల్లో మార్పించే ప్రయత్నం చేయకండి.