రీఫ్ ట్యాంకుకి సొంతంగా ఎల్ఈడీ లైటు కడుతున్నారా? కంటిని నమ్మి రంగులు ఎంచకండి

టీ5 ట్యూబులు (సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబులైట్లు) తీసేసి సొంతంగా ఎల్ఈడీ లైటు కట్టుకున్న ఒకాయన తన రీఫ్ ట్యాంకు, అంటే కోరల్స్ (పగడపు జీవులు) పెంచే ఉప్పునీటి ట్యాంకు ఫొటోలు ఈ మధ్యే పంపారు. ఆక్రోపోరా అనే కొమ్మల కోరల్ కాలనీలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాయి. నైట్రేట్ బాగానే ఉంది, ఉప్పు బాగానే ఉంది, నీళ్లు వేడెక్కలేదు. లైటు ఎంత పెట్టారని అడిగితే, "ఎక్కువేం కాదండీ, నీలం ఫుల్లు పెట్టినా ట్యాంకు మసగ్గానే ఉంది" అన్నారు. జబ్బు ఆ మాటలోనే ఉంది.

సోల్డరింగ్ ఎలా చేయాలో, స్టాండు ఎలా కట్టాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ జోలికి పోను. ట్యాంకులు పాడైన వాళ్లలో ఎక్కువమంది చేసిన తప్పు ఒకటే: వెలుతురు సరిపోయిందా లేదా అన్నది కంటితో తేల్చేశారు.

మన కంటికి ఒక లెక్క, కోరల్‌కి ఇంకో లెక్క. పగటి వెలుతురులో మన కన్ను అన్నిటికంటే బాగా పట్టేది 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చని. అంతే శక్తితో 450 నానోమీటర్ల రాయల్ బ్లూ వెలిగిస్తే, ఆ ఆకుపచ్చతో పోల్చినప్పుడు మనకి తెలిసేది సుమారు 4 శాతం. 420 దగ్గరి వయొలెట్ అయితే అర శాతం కూడా తెలియదు. కోరల్ కణాల్లో కాపురముండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలకి మాత్రం అసలు తిండి అక్కడే దొరుకుతుంది. వాటిలో వెలుగుని పట్టే రంగు పదార్థాలైన క్లోరోఫిల్ ఏ 430 చుట్టుపక్కల, క్లోరోఫిల్ సీ2 450 చుట్టుపక్కల, పెరిడినిన్ 480 నుంచి 500 దాటేదాకా వెలుగుని బాగా లాగుతాయి. మనకి చాలీచాలనట్టు అనిపించే నీలంతోనే వాటి కడుపు నిండిపోతుంది. ఇంకా పెంచితే ఆ శైవలాల్లో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పేరుకుంటాయి, కోరల్ వాటిని బయటికి గెంటేస్తుంది. అప్పుడు మనకి కనిపించే తెలుపు, పారదర్శకమైన కండలోంచి తొంగిచూసే అస్థిపంజరం.

ఇక రంగుల సంగతి. 24 ఎల్ఈడీల లైటు కడుతున్నారనుకోండి. నేనైతే 445 నుంచి 455 మధ్య రాయల్ బ్లూ 12, 470 నీలం 4, 415 నుంచి 425 మధ్య వయొలెట్ 4, తెలుపు 4 పెడతాను. తెలుపులో 6500 కెల్విన్ చల్లటి ఛాయా, 4000 కెల్విన్ కాస్త వెచ్చటి ఛాయా అన్నది చాలావరకు చూపు కోసం మీరు తేల్చుకునే విషయమే. ఎరుపు విడిగా అక్కర్లేదు. తెలుపు ఎల్ఈడీ అంటే నీలం చిప్పు మీద ఫాస్ఫర్ పూతే, అందులో ఎరుపు కొంత ఉండనే ఉంటుంది. సముద్రంలో పది మీటర్లు దిగేసరికి ఎరుపు చాలావరకు నీళ్లలోనే ఇంకిపోతుంది కూడా. చేపల ఎరుపు తేలాలని కావాలనిపిస్తే 660 ఒక్కటి పెట్టుకోండి, అదీ తెలుపు ఛానెల్ (విడిగా పెంచి తగ్గించుకునే లైను) మీద.

ఆకుపచ్చతో ఇంకో చిక్కుంది. రెండు ఆకుపచ్చ ఎల్ఈడీలు చేర్చగానే ట్యాంకు వెలిగిపోయినట్టుంటుంది. మీరు తృప్తిపడతారు, కోరల్‌కి అందేది మాత్రం పెద్దగా మారదు. పైగా నీలం కింద మెరవాల్సిన కోరల్ ఫ్లోరసెన్స్ వెలవెలబోతుంది. ఇదీ కంటిని నమ్మడమే, కాకపోతే రెండో వైపు నుంచి.

కొలవడం దగ్గరా అదే తప్పు వేషం మార్చుకుని వస్తుంది. ఫోన్‌లో లక్స్ యాప్ పెట్టి "నంబరు తక్కువే వచ్చింది" అంటారు. లక్స్ అనేదే మనిషి కంటి లెక్క ప్రకారం తయారైన కొలత! నీలాన్ని అది కూడా కన్నులాగే తక్కువ చేసి చూపిస్తుంది. కావాల్సింది పార్ మీటరు, అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య పడే ఫోటాన్లను లెక్కపెట్టేది. పాత రకం పార్ మీటర్లలో కొన్ని నీలాన్ని తక్కువగా చదువుతాయి, కాబట్టి ఫుల్ స్పెక్ట్రమ్ సెన్సర్ ఉన్నది ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. పార్ రీడింగు మెత్తటి కోరల్స్‌కి 50 నుంచి 150, ఎల్‌పీఎస్‌కి (పెద్ద పాలిప్‌ల రాతి కోరల్స్) దాదాపు అంతే, ఆక్రోపోరాలాంటి ఎస్‌పీఎస్‌కి (చిన్న పాలిప్‌ల రాతి కోరల్స్) 200 నుంచి 350. పాలిప్ అంటే కాలనీలోని ఒక్కో చిన్న జీవి. కొలిచేది కోరల్ ఉన్నచోట, నీళ్లలో. నీటి పైన కాదు.

మీటరు దొరకలేదా? లైటు ఫుల్లులో 30 శాతంతో మొదలుపెట్టి వారానికి 5 శాతం చొప్పున పెంచండి. మసగ్గా ఉందని అనిపిస్తుంది. అనిపించనివ్వండి.

కళ్ల గురించి కూడా చెప్పాలి. నీలం కాంతి రెటీనాకి ఎక్కువ హాని చేసేది 435, 440 దగ్గర. వయొలెట్ మసగ్గా కనిపిస్తుంది కాబట్టి తేరిపార చూడాలనిపిస్తుంది, కంటిపాప కూడా ముడుచుకోవాల్సినంత ముడుచుకోదు. టేబుల్ మీద టెస్ట్ చేసేటప్పుడు ఎల్ఈడీలని బోర్లా పెట్టి, కరెంటు బాగా తగ్గించి, పక్కగోడ మీద పడే వెలుగు చూడండి. పసుపు కళ్లద్దాలు పెట్టుకోండి. పిల్లలు తల ఎత్తితే బల్బులు కనిపించేంత ఎత్తులో లైటు వేలాడదీయకండి.

మిగతావి వరసగా చెప్పేస్తాను:

"యూవీ" అని మాత్రమే రాసి నంబరు లేని ఎల్ఈడీలు కొనకండి. 400 కంటే తక్కువైతే అసలొద్దు, పార్ మీటరు దాన్ని లెక్కే పెట్టదు.

"రాయల్ బ్లూ" అన్న పేరు చాలదు, నానోమీటర్లు రాసి ఉండాలి.

తెలుపు, నీలం, వయొలెట్ వేర్వేరు ఛానెళ్లు. ఒకే డిమ్మర్‌కి అన్నీ కట్టకండి.

ఒక స్ట్రింగులో (ఒకదాని వెనక ఒకటిగా కలిపిన ఎల్ఈడీల వరసలో) ఉన్నవాటన్నిటిలోనూ ఒకే కరెంటు పారుతుంది. 1000 మిల్లీఆంప్స్ తట్టుకునే నీలం పక్కన 700 తట్టుకునే వయొలెట్ ఉంటే, డ్రైవర్ (ఎల్ఈడీలకి కరెంటు ఇచ్చే పెట్టె) సెట్టింగ్ 700 దాటకూడదు.

ఒక్కో రాయల్ బ్లూకి సుమారు 3.2 వోల్టులు, ఎరుపుకి 2.2. స్ట్రింగు మొత్తం కూడి, డ్రైవర్ రేంజ్ చూసి అప్పుడు కొనండి.

డ్రైవర్ ఆన్‌లో ఉండగా ఎల్ఈడీలు తగిలించకండి.

అన్ని రంగులనీ కలిపి పరచండి. నీలం ఒక మూల, తెలుపు ఒక మూల పెడితే ఇసుక మీద రంగురంగుల నీడలు పడతాయి.

వెలుగుని సన్నటి పుంజంగా చేసే లెన్సులు లోతు తక్కువ ట్యాంకుకి వద్దు. ఒకే చోట వెలుగు కుప్పపడుతుంది.

ఉప్పునీటి తుంపర పడకుండా అడ్డు, ఆర్‌సీడీ బ్రేకర్ (కరెంటు లీకైతే సప్లై ఆపేది), నీళ్లు ప్లగ్గులోకి పారకుండా వైరులో కిందికి వేలాడే వంపు. ఇవి లేకుండా స్విచ్ వేయకండి.

ఫోన్‌లో ఫొటో నీలంగా వస్తోందని ఛానెళ్లు మార్చకండి.

రోజూ ఒక కోరల్‌ని పక్కనుంచి చూడండి. లైటు వైపున్న పైభాగం పాలిపోయి, నీడలో ఉన్న కిందిభాగం మామూలు రంగులో ఉంటే ముందు లైటునే అనుమానించండి. కింద అడుగు నుంచి కండ ఊడివస్తుంటే కారణం వేరే వెతకాలి.

ఇప్పటికే తెల్లబడితే పూర్తిగా ఆర్పేయకండి. సగానికి తగ్గించి, పాలిప్‌లు తెరుచుకుంటుంటే సన్నటి ఆహారం వేయండి. రంగు తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అప్పటిదాకా కోరల్‌ని చోటు మార్చకండి, డిమ్మర్ ముట్టుకోకండి.