కలం బొమ్మల స్కాన్ శుభ్రం చేద్దాం – 3వ పాఠం: కాగితం తెల్లబడాలి, సన్నగీత బతకాలి

గత పాఠంలో బొమ్మను 600 డీపీఐ (అంగుళానికి 600 పిక్సెళ్లు) దగ్గర, రంగుల్లేకుండా బూడిద ఛాయల్లో, అంటే గ్రేస్కేల్‌లో స్కాన్ చేసి టిఫ్ ఫైలుగా దాచుకున్నాం. ఇప్పుడు జింప్, ఫోటోషాప్ లాంటి బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి. తెల్లదనుకున్న కాగితం బూడిదగా కనిపిస్తుంది, సిరా వెలిసినట్టుంటుంది. స్కానర్ తప్పేమీ లేదు. కాగితం గరుకును, ముడతను కూడా అది పట్టుకుంది.

ముందు బొమ్మ ఉన్న పొరకు, అంటే లేయర్‌కు నకలు తీసుకోండి. అసలు లేయర్ జోలికి చివరి పాఠం దాకా వెళ్లం.

చాలామంది ఇక్కడే, ప్రతి పిక్సెల్‌నూ నలుపో తెలుపో చేసేసే త్రెషోల్డ్ నొక్కేస్తారు. కాగితం ఒక్కసారిగా తెల్లబడుతుంది, నిజమే. సన్నగీతలు మాత్రం తెగిపోతాయి. ఎందుకో లెక్క వేద్దాం. అంగుళమంటే 25.4 మి.మీ. కాబట్టి 600 డీపీఐలో ఒక పిక్సెల్ వెడల్పు దాదాపు 0.04 మి.మీ. 0.1 మి.మీ. గీతకు రెండు పిక్సెళ్ల పైచిలుకు దక్కుతాయి. కలం పైకి లేచే చోట గీత ఇంకా సన్నబడి, ఒక్క పిక్సెల్‌లో సగం కూడా నిండదు. ఆ పిక్సెల్ స్కాన్‌లో బూడిదగా పడుతుంది. త్రెషోల్డ్‌కు నలుపూ తెలుపూ తప్ప మధ్యరకం తెలియదు కనుక దాన్ని తెలుపులో కలిపేస్తుంది. మొదట్లో నేను అలా పోగొట్టుకున్న కనురెప్పల కొసలను మళ్లీ అంత బాగా గీయలేకపోయాను.

అందుకే ఏ ఛాయ పూర్తి నలుపు, ఏది పూర్తి తెలుపు అన్నది స్లైడర్లతో నిర్ణయించే లెవెల్స్ వాడదాం. జింప్‌లో కలర్స్ మెనూలో ఉంటుంది, ఫోటోషాప్‌లో ఇమేజ్ మెనూలోని అడ్జస్ట్‌మెంట్స్ కింద. తెరవగానే వచ్చే, ఏ ఛాయలో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే హిస్టోగ్రామ్‌లో కుడివైపు పెద్ద గుట్ట కాగితానిది, ఎడమవైపు చిన్నది సిరాది. ఆ రెండింటి నడుమ పల్లంలో ఉన్నవే మన సన్నగీతలు.

తెల్ల స్లైడర్‌ను పెద్ద గుట్ట ఎడమ అంచు దాకా జరిపి ఆపండి. ఇంకా లాగితే పల్లంలోకి దిగుతాం, గీతలు పోతాయి. నల్ల స్లైడర్‌ను చిన్న గుట్ట శిఖరం దాకా తెస్తే చాలు. గీతలు పాలిపోయినట్టుంటే మధ్య స్లైడర్‌ను కొద్దిగా కుడికి జరపండి. ఇదంతా చేస్తున్నప్పుడు బొమ్మ మొత్తాన్ని కాదు, 200 శాతం జూమ్ దగ్గర అన్నిటికన్నా సన్నని గీతను చూస్తూ ఉండండి. అది నిలిస్తే మిగతావి నిలుస్తాయి.

మూలన మడత నీడ మిగిలిపోతే దానికోసం స్లైడర్లను మళ్లీ కదపొద్దు. ఆ మేరకు తెల్ల బ్రష్‌తో చెరిపేయండి. కాగితం బాగా పసుపెక్కి ఉంటే రంగుల్లో స్కాన్ చేసి రెడ్ ఛానల్ (బొమ్మలోని ఎరుపు వెలుగు భాగం) తీసుకోండి, పసుపు అందులో చాలావరకు తెల్లగా వస్తుంది. చిత్తుగీతలు లేత నీలి పెన్సిల్‌తో వేసి ఉంటే బ్లూ ఛానల్ మేలు, అందులో అవి దాదాపు కనబడవు.

అభ్యాసం: ఒకే స్కాన్‌కు రెండు నకళ్లు తీయండి. ఒకదానికి 128 దగ్గర త్రెషోల్డ్, రెండోదానికి లెవెల్స్. నీడ కోసం దగ్గరదగ్గరగా గీతలు గీసిన ఒకే చోటును రెండింటిలోనూ పక్కపక్కన పెట్టి, తెగిన గీతలు లెక్కపెట్టండి. లెవెల్స్ ఫైలును దాచి ఉంచండి. 4వ పాఠంలో దుమ్ము చుక్కలు ఏరేది దానిమీదే.