శ్రీశైలం నీటి విడుదలలో విద్యుత్తునూ నదినీ కలిపి లెక్కించే విధానం

కర్నూలు జిల్లా రైతుకు శ్రీశైలం నీటిమట్టం రోజూ చూసుకునే వార్త. విడుదల ప్రణాళిక వేసేవారూ అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పూర్తిస్థాయి మట్టం 885 అడుగులు. అది 854 అడుగుల దిగువకు జారితే రాయలసీమ కాలువలకు నీరు మళ్లించే పోతిరెడ్డిపాడుకు నీరందడం కష్టమవుతుంది, పైగా నీరు పడే ఎత్తు తగ్గినందున ప్రతి యూనిట్ విద్యుత్తుకూ మరింత నీరు ఖర్చవుతుంది.

ఆ తరువాత, నదిలో జీవం నిలిచేలా దిగువకు వదిలే నీటికి ఖర్చు కట్టాలి. రోజంతా సుమారు 11,574 క్యూసెక్కులు వదిలితే ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) అవుతుంది. నది కోసం వదిలే నీటినంతటినీ నష్టం పద్దులో రాయడం, నా దృష్టిలో, అన్నిటికంటే పెద్ద పొరపాటు. గేట్ల నుంచి కాక టర్బైన్ల ద్వారా పంపితే ఆ నీరూ విద్యుత్తునిస్తుంది, పోయేది సాయంత్రపు గిరాకీ ధరకూ మిగతా వేళల ధరకూ ఉన్న తేడా మాత్రమే.

విద్యుదుత్పత్తి యంత్రాలను, అంటే యూనిట్లను, ఒకేసారి ఆపవద్దు. ప్రవాహం హఠాత్తుగా తగ్గితే బండల మధ్య గుంటల్లో చేపపిల్లలు చిక్కుకుపోయి, ఎండెక్కేసరికి నీటిపైకి నోళ్లు తెరుస్తూ తేలతాయి. కాబట్టి ఒక్కో యూనిట్‌ను విరామమిచ్చి ఆపుతూ, దిగువ మట్టాన్ని గంటగంటకూ నమోదు చేయాలి. నాగార్జునసాగర్ నిండుగా ఉన్నప్పుడు దాని వెనుక జలాలు ఈ ఒడిదుడుకులను కొంత కప్పేస్తాయి. వేసవిలో ఆ వెసులుబాటు ఉండదు.

కుడిగట్టున 770 మెగావాట్ల కేంద్రం ఆంధ్రప్రదేశ్‌ది, ఎడమగట్టున 900 మెగావాట్లది తెలంగాణది. రెండింటి విడుదల వేళలనూ ఒకే పట్టికలో వేయాలి.