లుక్ పక్కన 'ఇట్' ఎక్కడ పెట్టాలి?

ఇంగ్లీషులో 'లుక్' పక్కన చిన్న మాట చేరితే అర్థం మారుతుందని తెలిసినవాళ్లు కూడా 'ఇట్', 'హర్' లాంటివి ఎక్కడ పెట్టాలన్న దగ్గర తడబడతారు. డిక్షనరీలో చూడమనాలంటే 'లుక్ ఇట్ అప్' అనండి. 'లుక్ అప్ ఇట్' తప్పు. కాగితం మీద ఓసారి కన్నేయమంటే 'లుక్ ఇట్ ఓవర్'. ఇక్కడ అప్, ఓవర్ క్రియా విశేషణాలు, అందుకే 'ఇట్' మధ్యలోకి వస్తుంది. 'ద వర్డ్' లాంటి నామవాచకమైతే మధ్యలో పెట్టినా, చివర పెట్టినా సరే. ఫర్, ఆఫ్టర్, ఎట్, ఇంటూ లాంటి ప్రిపోజిషన్లు (నామవాచకం లేదా సర్వనామం ముందు వచ్చే చిన్న మాటలు) ఉంటే మాత్రం విడదీయకూడదు: 'లుక్ ఫర్ ఇట్', 'లుక్ ఆఫ్టర్ హర్'.

అన్నట్టు, ఉద్యోగాల మెయిల్స్‌లో 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ' అని దయచేసి రాయకండి. ఆ 'టు' ప్రిపోజిషన్ కాబట్టి 'టు మీటింగ్ యూ' అనే రావాలి.