ఆఖరి ఫెర్రీ దగ్గర లెక్క మొదలుపెట్టండి: కరీబియన్ చిన్న దీవులకు ఒక్కరోజు ప్రయాణం

కరీబియన్‌లో ఏదైనా చిన్న దీవికి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలంటే ముందు చూడాల్సింది బీచ్ ఫొటోలు కాదు, తిరుగు ఫెర్రీ టైము. ఆఖరి ఫెర్రీ ఎన్నింటికో కనుక్కుని, దానికి ముందుదానిలో సీటు తీసుకోండి. అది రద్దయినా, మీరే ఆలస్యమైనా, ఆఖరిది ఇంకా చేతిలో ఉంటుంది. ఆ తర్వాత వెనక్కి లెక్కేయండి: రేవుకు అరగంట ముందు చేరాలి, బీచ్ నుంచి రేవుకు ఇంత సేపు, ఒళ్లు కడుక్కుని బట్టలు మార్చుకోవడానికి ఇంత సేపు. దీవిలో చేతికి మిగిలేది ఐదారు గంటలే అని తేలుతుంది. అందులో రెండు పనులు పడతాయి. మూడోది పెట్టుకుంటే మూడూ చెడతాయి.

ఆదివారాలు, సెలవు రోజుల్లో సర్వీసులు తగ్గుతాయి. మామూలు రోజుల టైమ్‌టేబుల్ నమ్ముకోకుండా మీరు వెళ్లే తేదీకి చూడండి, ముందు రోజు సాయంత్రం ఇంకోసారి చూడండి. ఈ ప్రయాణాన్ని ఊరికి విమానం ఎక్కే ముందు రోజు అస్సలు పెట్టుకోవద్దు. గాలి ఎక్కువైతే ఫెర్రీలు ఆపేస్తారు, అప్పుడు ఎవరినీ అడిగి లాభం లేదు.

దీవిని ఎంచుకునేటప్పుడు చూడాల్సిన మొదటి సంగతి, మధ్యలో దేశం మారుతుందా అన్నది. ప్యూర్టోరికో నుంచి కులేబ్రా, సెయింట్ విన్సెంట్ నుంచి బెక్వే, సెయింట్ కిట్స్ నుంచి నెవిస్, గ్వాడెలూప్ నుంచి టెర్ ద ఓ: వీటిలో రెండు వైపులా ఒకే దేశం, కాబట్టి ఇమ్మిగ్రేషన్ క్యూలో గంటలు పోవు. సెయింట్ మార్టిన్‌లోని మరిగో నుంచి అంగ్విల్లా అరగంట లోపే వచ్చేస్తుంది కానీ ఫ్రెంచ్ నేల మీంచి బ్రిటిష్ నేల మీదికి వెళ్తున్నారు, పాస్‌పోర్ట్ తప్పనిసరి, వీసా నియమాలూ వేరు. గ్వాడెలూప్ ఫ్రాన్స్‌లో భాగమే అయినా షెంగెన్‌లో, అంటే ఐరోపా దేశాల ఉమ్మడి వీసా ప్రాంతంలో, లేదు. వీసా అవసరమైనవాళ్లకు మామూలు షెంగెన్ వీసా ఒక్కటే అక్కడ చాలదు.

టెర్ ద ఓ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఒక్కరోజుకు ఇంత చక్కగా అమరే దీవి అరుదు. గ్వాడెలూప్ దక్షిణ కొసన ఉన్న త్రువా రివియేర్ రేవు నుంచి ఇరవై నిమిషాలు. పొద్దున మొదటి ఫెర్రీ ఎక్కండి. దిగిన చోటే బుట్టల్లో చిన్న చిన్న టార్టులు అమ్ముతుంటారు, పేరు తుర్మా దామూర్, లోపల కొబ్బరి జామ్. సాయంత్రం కొందాంలే అనుకుంటే అప్పటికి బుట్టలు ఖాళీ, వచ్చీ రాగానే కొనేయండి. తర్వాత నేరుగా నెపోలియన్ కోటకు నడవండి, దారంతా ఎక్కుడే. కోట మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా మూసేస్తారు. చల్లగా ముందు ఈత కొట్టి, కోట తర్వాత చూద్దామనుకున్నవాళ్లు ఎర్రటి ఎండలో కొండెక్కి మూసిన గేటు చూసి దిగుతారు. అందుకే కోట ముందు, నీళ్లు తర్వాత. కోట 1867 నాటిది. దాని ముందున్న సముద్రంలో 1782లో బ్రిటిష్, ఫ్రెంచ్ నౌకాదళాలు తలపడ్డాయి. గోడల పక్కన బ్రహ్మజెముడు తోటలో ఇగ్వానాలనే పెద్ద బల్లులు ఎండ కాగుతుంటాయి, దగ్గరికి వెళ్లి తాకవద్దు. మధ్యాహ్నం పాన్ ద సుక్ర్ బీచ్‌కు వెళ్లండి. చూడ్డానికి అందంగా ఉన్నా గ్రాండ్ ఆన్స్ బీచ్‌లో నీళ్లలోకి దిగవద్దు. అక్కడ లోపలికి లాగే ప్రవాహాలున్నాయని ఈత నిషేధించారు. ఇక్కడ ఫెర్రీ కంపెనీలు ఒకటికి మించి ఉన్నాయి, ఒకరి టికెట్ ఇంకొకరి పడవలో చెల్లదు. రానుపోను టికెట్ కొన్నప్పుడు ఆ కంపెనీ తిరుగు టైములు ఫొటో తీసి పెట్టుకోండి.

సాబా దీవికి బీచ్ కోసం వెళ్లేవాళ్లు నిరాశపడతారు, అక్కడ చెప్పుకోదగ్గ బీచే లేదు. 13 చదరపు కిలోమీటర్ల కొండ అది. విండ్‌వర్డ్‌సైడ్ ఊరి నుంచి మౌంట్ సీనరీ శిఖరానికి 1,064 మెట్లు. అంకె చూసి తేలిగ్గా తీసుకోవద్దు: ఎత్తు మెట్లు, పైకి వెళ్లే కొద్దీ మబ్బులో తడిసి పాచి పట్టిన రాళ్లు. కాళ్లకు పట్టున్న బూట్లు కావాలి, చెప్పులతో దిగేటప్పుడు జారతారు. ఎక్కడానికి గంటన్నర వేసుకోండి. ఫెర్రీ సెయింట్ మార్టెన్ (సెయింట్ మార్టిన్ దీవిలో డచ్ వైపు) నుంచి గంటంబావు, గంటన్నర పడుతుంది, అదీ రోజూ ఉండదు. చిన్న విమానంలో పావుగంట. రన్‌వే సుమారు 400 మీటర్లే కాబట్టి గాలి అడ్డంగా తిరిగితే విమానం దిగదు.

కులేబ్రా ఫెర్రీలు ఇప్పుడు ప్యూర్టోరికోలోని ఫహార్దో రేవు నుంచి కాదు, అక్కడి సేబా రేవు నుంచి బయల్దేరతాయి. పాత సమాచారం చదివి ఫహార్దోకు వెళ్తే పడవ పోయినట్టే. సీట్లలో స్థానికులకు ప్రాధాన్యం ఉంటుంది, వారాంతాల్లో ముందే కొనకపోతే దొరకవు. అద్దె కారు పెద్ద దీవిలోనే వదిలేయాలి. ఫ్లమెంకో బీచ్‌కు రేవు దగ్గరే షేర్ వ్యాన్లు ఉంటాయి. ఇసుకలో తుప్పు పట్టిన యుద్ధ ట్యాంకు, అమెరికా నౌకాదళం 1975లో ఖాళీ చేసి వెళ్లేటప్పటికి మిగిలినది.

బెక్వేకు సెయింట్ విన్సెంట్‌లోని కింగ్స్‌టౌన్ నుంచి గంట. రేవు నుంచి ప్రిన్సెస్ మార్గరెట్ బీచ్‌కు నీటి అంచునే నడిచి పోవచ్చు. ఇక్కడ ధర అడిగితే "ఇరవై డాలర్లు" అంటారు. ఏ డాలర్లో వెంటనే అడగండి. ఒక అమెరికా డాలరుకు 2.70 ఈస్టర్న్ కరీబియన్ డాలర్లు, ఈ మారకం 1976 నుంచి మారలేదు. స్థానిక డాలర్లలో చెప్పిన ధరకు అడక్కుండా అమెరికా డాలర్లు చేతికిస్తే దాదాపు మూడింతలు కట్టినట్టు. అమెరికా నోటు ఇచ్చినా చిల్లర స్థానిక డబ్బుల్లోనే రావచ్చు, అందుకే చిన్న నోట్లు పెట్టుకోండి. సైనిక దుస్తుల రంగుల మచ్చలున్న బట్టలు ఈ దేశంలో పౌరులు వేసుకోవడం చట్టవిరుద్ధం, పిల్లల టోపీ అయినా సరే.

బీచ్ చెట్ల నీడ గురించి ఒక హెచ్చరిక. మాంచినీల్ అనే చెట్టు ఇసుక పక్కనే పెరుగుతుంది, చిన్న పచ్చ ఆపిల్ లాంటి కాయలు. పాలు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది, కాయ కొరికితే నోరు, గొంతు కాలిపోతాయి. వాన వస్తే దాని కిందికి పరుగెత్తవద్దు, ఆకుల మీంచి జారే నీళ్లూ కాలుస్తాయి. ఫ్రెంచ్ దీవుల్లో మానుకు ఎర్ర రంగు పట్టీ వేసి గుర్తు పెడతారు, మిగతా చోట్ల ఆ గుర్తు ఉండొచ్చు, లేకపోవచ్చు.

ఇక సముద్రం. ఇక్కడ ఏడాది పొడవునా గాలి తూర్పు నుంచే. కాబట్టి తూర్పుకు వెళ్లే దారి ఎదురుగాలి: కులేబ్రాకు పోయేటప్పుడు, సాబా నుంచి వచ్చేటప్పుడు పడవ ఎక్కువ ఎగిరిపడుతుంది. డిసెంబరు, జనవరిల్లో ఈ గాలి ఇంకా పెరుగుతుంది. జూన్ నుంచి నవంబరు తుఫానుల కాలం. కడుపులో తిప్పేవాళ్లు మాత్రను పడవ కదిలే గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే కక్కేస్తారు. ఆ మాత్రలు మత్తునిస్తాయి, దిగాక స్కూటర్ నడపాలనుకుంటే ఆలోచించుకోండి. కింది అంతస్తులో, వెనక వైపు, మధ్యలో కూర్చుని దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూడండి, ఫోన్ తీయవద్దు.

సంచిలో మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పొడి బట్టలు, పాస్‌పోర్ట్, మీరు రోజూ వాడే మందులు మర్నాటికి కూడా సరిపడా. క్రూయిజ్ ఓడలో వచ్చినవాళ్లు ఇంకో మాట చూసుకోవాలి: ఓడ గడియారం, దీవి గడియారం ఒక్కటే కాకపోవచ్చు. సొంతంగా దీవి దాటి వెళ్లినవాళ్ల కోసం ఓడ ఆగదు. ఫెర్రీ తప్పిపోతే రేవు వదలకుండా అక్కడి ఇతర కంపెనీల కౌంటర్లలో ముందు అడగండి, తర్వాతే గది వెతకండి. చీకటి పడ్డాక చేపల పడవలో దాటిస్తామనేవాళ్లకు మాత్రం వద్దని చెప్పండి.